చేప కనబడ్డకాడ ఉండదు

కాంతి వక్రీభవనం పాఠం నేను ఏటా చెబుతాను. కొడకండ్ల దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం ఉపాధ్యాయుడిగా చేరిన నాటి నుంచి ఒక్క ఏడాది కూడా తప్పలేదు. స్టీలు గిన్నెలో రూపాయి బిళ్ల వేస్తాను. బిళ్ల కనబడనంత దూరం పిల్లల్ని వెనక్కి జరగమంటాను. అప్పుడు గిన్నెలో నీళ్లు పోస్తాను. బిళ్ల కనబడుతుంది. బిళ్ల పైకి రాలేదు, దాని నుంచి వచ్చే కాంతి నీళ్లు దాటి గాలిలోకి వచ్చేటప్పుడు వంగింది, అంతే, అని చెబుతాను. ఆ తర్వాత చేప ఉదాహరణ. నీళ్లలో చేప ఉన్న లోతు కన్నా పైన కనబడుతుంది, కాబట్టి దాన్ని బల్లెంతో కొట్టేవాడు కనబడిన చోటుకు కొంచెం కింద గురి పెట్టాలి. పెళ్లయ్యేదాకా ఈ వాక్యాన్ని నేను పూర్తి నమ్మకంతో చెప్పాను.

నా భార్యది భూపాలపల్లి జిల్లాలో, మొగుళ్లపల్లి వైపు ఒక పల్లె. పెళ్లయిన మొదటి చలికాలం అత్తగారింటికి వెళ్లాం. కూర ఏం చెయ్యమంటావని అత్తమ్మ అడిగింది. ఏదైనా పరవాలేదన్నాను. ఆ మాట విని మా మామ లేచి చూరులోంచి బల్లెం తీశాడు. మనిషి కన్నా పొడుగు వెదురు కర్ర, చివర మూడు ఇనుప మొనలు. ఆయనది పత్తి, వరి సేద్యం. చేపలు పట్టడం ఆయన వృత్తి కాదు. అయినా ఆ ఊళ్లో ఎవరింటికైనా చుట్టాలొస్తే ముందు మా మామ ఉన్నాడా లేడా అని చూసుకునేవాళ్లట.

"పా సారు. కొర్రమట్ట కొట్టుకొద్దాం," అన్నాడు.

నన్ను అల్లుడా అని పిలవడం ఆయనకు రాలేదు. సారు అనే పిలిచాడు, ఇప్పటికీ అలాగే పిలుస్తాడు.

వాగు ఊరికి దగ్గరే. వానాకాలపు బురద దిగిపోయి నీళ్లు తేటగా ఉన్నాయి. మోకాటి లోతు. అడుగున ఇసుక, అక్కడక్కడ నాచు. చెరువుల చేప మత్స్య సంఘపోళ్లది, వాగుల చేప కొట్టినోనిది అని దారిలో చెప్పాడు. ఆయన ఒక విషయం చెప్పాడు కాబట్టి నేనూ ఒకటి చెబుదామనుకున్నాను.

"మామా, చేప మనకు కనబడే చోట ఉండదు. కాంతి నీళ్లలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగుతది. నీళ్లకు వక్రీభవన గుణకం అని ఒకటుంటది. దాని లెక్కన నాలుగు అడుగుల లోతు మనకు మూడు అడుగులే కనబడుతది."

"గట్లనా," అన్నాడు.

"అవును."

"మంచిదాయె," అని బల్లెం విసిరాడు. నేను చేపను చూడనే లేదు. బల్లెం తీస్తే మొనకు జానెడు కొర్రమట్ట ఉంది. దాన్ని గడ్డి పోచకు గుచ్చి నా చేతికిస్తూ అన్నాడు. "కనబడ్డకాడ ఉండదు సారు, దాని కింద ఉంటది. ఎంత కింద అనేది నువ్వు ఏడ నిలబడ్డవో సూసుకోవాలె."

నేను చెప్పిందే ఆయన చెప్పాడని అప్పుడు అనుకున్నాను. రెండో ముక్క నేను చెప్పలేదు. నా మూడు అడుగుల లెక్క తిన్నగా పైనుంచి కిందికి చూసేవాడికే సరిపోతుంది. ఏటవాలుగా చూస్తే చేప ఇంకా పైకి తేలినట్టు కనబడుతుంది. ఈ సంగతి పుస్తకంలో ఉంది. నేను చదివాను కూడా. వాగులో గుర్తుకు రాలేదు.

తర్వాత బల్లెం నాకిచ్చాడు. మొదటిసారి ఇసుకలో దిగింది. రెండోసారి నాచులో. మూడోసారి నా కాలికి నాలుగు వేళ్ల దూరంలో దిగింది. మా మామ రెండడుగులు వెనక్కి జరిగాడు. నాలుగోసారి వంగినప్పుడు నా కళ్లద్దాలు జారి నీళ్లలో పడ్డాయి.

నాకు దూరపు చూపు తక్కువ. చిన్నప్పటి నుంచి పుటాకార కటకాలు వాడుతున్నాను, అంటే మధ్యలో పలుచగా అంచుల్లో మందంగా ఉండే అద్దాలు. నా కంట్లో కాంతి అవసరం కన్నా ముందే కలిసిపోతుంది. ఈ అద్దాలు దాన్ని కొంచెం విడదీసి పంపుతాయి. అవి లేకపోయినా మోకాటి దూరంలో ఉన్న వస్తువు నాకు బాగానే కనబడుతుంది. అద్దాలు ఇసుక మీద కనబడుతూనే ఉన్నాయి.

"ఏడున్నయ్?" అని మామ అడిగాడు.

చూపించాను. గబుక్కున చెయ్యి పెట్టి పిడికెడు ఇసుక తీశాను. మళ్లీ పెట్టి మళ్లీ ఇసుక తీశాను. ఆయన వంగి, నేను చూపించిన చోట కాకుండా పక్కన చెయ్యి ముంచి అద్దాలు తీసి, తన పంచె కొంగుతో తుడిచి ఇచ్చాడు.

ఇంటికి వెళ్లాక అత్తమ్మ, "సారు ఏమన్న కొట్టిండా?" అని అడిగింది.

"సారు నాకు సమజ్ చేసిండు," అన్నాడు మామ.

కొడకండ్లకు తిరిగి వచ్చాక నేను నీళ్ల టబ్బు వాకిట్లో పెట్టి సాధన మొదలుపెట్టాను. ముందు వంకాయ వేశాను, అది తేలింది. ఆలుగడ్డ మునిగింది. చీపురు కర్రకు అన్నం తినే ఫోర్కు కట్టి, టబ్బుకు మూడడుగుల దూరంలో నిలబడి పొడిచాను. నా భార్య వచ్చి చూసింది.

"ఏం చేస్తున్నవ్?"

"ప్రయోగం."

"ఆలుగడ్డ ఏం పాపం చేసింది?"

ఆ వారమంతా మా ఇంట్లో ఆలుగడ్డ కూర చేసింది. చిల్లులు పడ్డ ముక్కలకు ఉప్పు మంచిగా పడుతుందని అన్నది. వారం చివరికి రెండుసార్లు పొడిస్తే ఒకసారి తగిలేది. మరుసటి చలికాలం వాగులో మళ్లీ ప్రయత్నించాను. ఆలుగడ్డకూ చేపకూ తేడా ఏమిటంటే ఆలుగడ్డ కదలదు. ఆ తర్వాత గడ్డిపోచ పట్టుకోవడమే నా పనిగా స్థిరపడింది.

అలా కొన్నేళ్లు గడిచాయి. జిల్లాలను చిన్నవిగా విడగొట్టాక జరిగిన ఉద్యోగుల పంపకంలో నాకు మహబూబాబాద్ వచ్చింది. జనగామ వైపు నుంచి సామాను సర్దుకుని అక్కడికి మారాం. ఆ ఏడాదే మా మామ కళ్ల సంగతి బయటపడింది.

బయటపడిన తీరు ఇది. ఆయన ఏదో పని మీద భూపాలపల్లి వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన నిలబడి వస్తున్న బస్సుకు చెయ్యెత్తాడు. బస్సు ఆగింది. ఎక్కబోయి చూస్తే మెట్లు లేవు. అది బొగ్గు లారీ. డ్రైవర్ మంచివాడు. మామను పైకి లాగి పక్కన కూర్చోబెట్టుకుని, ఊరి దారి మళ్లే చోట దింపి వెళ్లాడు. మా మామ ఈ ముచ్చటను లారీ డ్రైవర్ల మంచితనానికి ఉదాహరణగా ఇంట్లో చెప్పాడు. అత్తమ్మ నా భార్యకు ఫోన్ చేసింది.

"మీ బాపు లారీని బస్సు అనుకుండు బిడ్డా."

మేము వెళ్లాం. వాకిట్లో వెలుతురులో చూస్తే రెండు కనుపాపల వెనకా గంజి కలిపినట్టు తెల్లదనం. కుడి కన్ను మరీ ఎక్కువ.

"ఎన్నొద్దుల సంది గిట్ల ఉన్నది బాపు?" అని నా భార్య అడిగింది.

"రెండు మూడేండ్లయితుండొచ్చు."

"మరి చెప్పవా?"

"ఏముందని చెప్పుడు? మంచు పడుతుందనుకున్న."

"ఎండకాలం గూడనా?"

నన్ను ఆశ్చర్యపరిచింది వేరే విషయం. ఆ రెండు మూడేళ్లూ మేము వెళ్లిన ప్రతిసారీ ఆయన చేప కొట్టుకొచ్చాడు. లారీకీ బస్సుకూ తేడా తెలియని కళ్లతో నీళ్లలో కొర్రమట్టను కొట్టాడు. గడ్డిపోచ పట్టుకుని పక్కన నడిచిన నాకు అనుమానం రాలేదు. నేను చేపల వైపే చూశాను, ఆయన కళ్ల వైపు చూడలేదు.

మహబూబాబాద్‌కు తీసుకొచ్చి దవాఖానలో చూపించాం. కంటి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ముందు కుడి కన్ను చేద్దాం, కొన్నాళ్లు ఆగి ఎడమది చేద్దాం అన్నది. ఆపరేషన్ మాటకు మా మామ భయపడ్డాడని నాకు అర్థమైంది. ఆయన భయపడితే ప్రశ్నలు అడుగుతాడు. నేను నా వంతుగా వివరించాను. మన కంట్లోనే ఒక కటకం ఉంటుంది, కందిపప్పు బద్దలాగా మధ్యలో ఉబ్బి ఉంటుంది, బయటి నుంచి వచ్చే కాంతిని వంచి వెనకాల తెర మీద ఒక దగ్గరికి చేరుస్తుంది, వయసు మీద పడితే అది మసకబారుతుంది, దాన్ని తీసేసి అదే పని చేసే పారదర్శకమైన కొత్తది పెడతారు.

"గాజుదా?" అని డాక్టరమ్మను అడిగాడు.

"ప్లాస్టిక్ అసుంటిది తాతా. మెత్తగ మడతపడుతది."

"ఎన్నొద్దులుంటది?"

"నువ్వున్నన్ని రోజులుంటది. పాడుగాదు."

"నేను పోయినంక?"

డాక్టరమ్మ కొంచెం ఆలోచించింది. "అప్పుడు గూడ పాడుగాదు," అన్నది.

ఈ జవాబు ఆయనకు నచ్చింది. ఆపరేషన్ చేయించుకున్నాడు.

కట్టు విప్పిన రోజు ఆయన చాలాసేపు దవాఖాన కిటికీలోంచి రైల్వే వంతెన వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆటోలో ఇంటికి వస్తూ దుకాణాల బోర్డులు రంగులతో సహా చెప్పాడు. చదవడం రాదు కాబట్టి పేర్లు చెప్పలేదు. నీలం, ఎరుపు, మళ్ల నీలం అంటూ వచ్చాడు. మా ఇంటి ముందు దిగి గోడ వైపు చూసి, "సున్నం ఎప్పుడేసిండ్రు?" అని అడిగాడు. మేము వెయ్యలేదు. మసకబారిన కటకం నీలాన్ని మింగేస్తుంది, తెలుపు పాత కాగితంలా పసుపుపచ్చగా కనబడుతుంది. ఆ గోడ మొదటి నుంచీ తెల్లగానే ఉంది.

అత్తమ్మ ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని, "నేనెట్ల కనబడుతున్న?" అని అడిగింది.

"సాఫ్ కనబడుతున్నవ్," అన్నాడు.

ఇంకేమైనా అంటాడేమోనని ఆమె కాసేపు చూసింది. తర్వాత లేచి చాయ పెట్టడానికి వెళ్లింది.

చుక్కల మందు అయిపోయి, నీళ్లలో దిగవచ్చని డాక్టరమ్మ చెప్పాక ఆయన ఊరికి వెళ్లి వాగులో దిగాడు. రెండు వారాల తర్వాత నాకు ఫోన్ వచ్చింది. మా మామ నాకు నేరుగా ఫోన్ చేయడం అదే మొదలు.

"సారూ, కంట్ల పెట్టిన అద్దం జర వంకర ఉన్నట్టున్నది."

"ఎందుకు మామా, మసక కనబడుతున్నదా?"

"మసక లేదు. చేప కండ్లు గూడ కనబడుతున్నయ్. బల్లెం తలుగుతలేదు."

"ఒక్కటి గూడనా?"

"ఒక్కటి గూడ తలుగలే. ఊళ్లె ఎవలికి చెప్పలే, నీకే చెప్తున్న."

ఆదివారం వెళ్లాను. ఇద్దరం వాగుకు పోయాం. ఆయన బల్లెం ఎత్తాడు, విసిరాడు, ఇసుకలో దిగింది. మళ్లీ ఇసుకలో. మనిషి పరేషాన్ అయ్యాడు. ఒడ్డున బండ మీద కూర్చుని బల్లెం మొనలు చేత్తో తడిమి చూసుకున్నాడు. నేను ఆయనను అలా ఎప్పుడూ చూడలేదు. నాకు ఓదార్చడం రాదు. ప్రశ్నలు అడగడం వచ్చు.

"మామా, ఇదివరకు పొర ఉన్నప్పుడు చేపను ఎట్ల చూసేటోనివి?"

"చేపను ఎక్కడ సూసిన? ఇసుక మీద నీడ కదులుతది. నీళ్ల మీద సన్నగ గీత లేస్తది. ఆ రెండిటి నడుమ ఏస్తుంటి."

"ఇప్పుడు?"

"ఇప్పుడు చేపనే కనబడుతున్నది. మంచిగ, పొలుసు పొలుసు కనబడుతున్నది. అటే పోతున్నది చెయ్యి."

నాకు అప్పుడు సంగతి అర్థమైంది. పొర వచ్చాక ఆయనకు చేప బొమ్మ కనబడటం మానేసింది, కాబట్టి ఆ బొమ్మ ఆయనను మోసం చేయడం కూడా మానేసింది. ఇప్పుడు చూపు వచ్చింది, దానితో పాటే మోసమూ వచ్చింది. మునుపు ఆ మోసాన్ని సరిచేసుకునే అలవాటు చేతికి ఉండేది, ఈ రెండు మూడేళ్లలో అది పోయింది. పైగా రెండు కళ్లూ రెండు రకాలుగా ఉన్నాయి. ఒకటి సాఫ్, ఒకటి మసక. దూరం అంచనా వేయడానికి రెండు కళ్లూ కలిసి పనిచేయాలి. అవి కలవడం లేదు. నా లెక్క సరైనదో కాదో చూద్దామని, కుడి కన్ను మూసి కొట్టమన్నాను.

ఆయన కొత్త కన్ను అరచేత్తో మూసుకున్నాడు. పాత మసక కన్నుతో నీళ్ల వైపు చూశాడు. ఒంటి చేత్తో బల్లెం వేశాడు. కొర్రమట్ట తగిలింది.

గడ్డిపోచ నేనే తెంపాను.

దీని ఫలితం మా ఇంట్లో ఎవరూ ఊహించనిది. ఎడమ కన్ను ఆపరేషన్‌కు రమ్మని దవాఖాన నుంచి కబురు వస్తే ఆయన రానన్నాడు.

"గిదొకటి చేపలకు ఉండని," అన్నాడు.

అత్తమ్మ నన్ను తిట్టింది. నేరుగా కాదు. "సదువుకున్నోళ్లు కన్ను మూసుకొమ్మని చెప్పవట్టిరి, ఇగ సదువులేనోడు ఏం తెరుస్తడు?" అని కోళ్లకు గింజలు వేస్తూ అన్నది. నా భార్య నేరుగానే తిట్టింది. ఆపరేషన్‌కు ఒప్పించే బాధ్యత నా మీద పెట్టింది. దాదాపు ఏడాది నేను ఒప్పించలేకపోయాను. ఆ ఏడాదంతా మా మామ ఒక కన్నుతో లోకాన్ని, ఒక కన్నుతో చేపల్ని చూశాడు. లారీలను మళ్లీ ఆపలేదు.

దారి చివరికి తరగతి గదిలో దొరికింది. పెన్సిల్‌ను గ్లాసు నీళ్లలో పెట్టి అది విరిగినట్టు కనబడటం చూపిస్తున్నాను. ఏటా చూపించేదే. గ్లాసు అడుగున ఒక చింతగింజ పడి ఉంది, ఎవరు వేశారో తెలియదు. పెన్సిల్ మొన గింజను ముట్టుకున్నట్టు కనబడింది. పెన్సిల్ నెట్టి చూస్తే గింజ కదిలింది, నిజంగానే ముట్టుకుని ఉంది. నేను పాఠం ఆపి కాసేపు నిలబడ్డాను. పిల్లలు నేను మరిచిపోయాననుకున్నారు.

మొన గాలిలో ఉన్నంతసేపు అది ఉన్న చోటే కనబడుతుంది, చేప మాత్రం పైకి తేలి కనబడుతుంది. అందుకే గురి తప్పుతుంది. మొన కూడా నీళ్లలో ఉంటే, చేప ఎంత పైకి కనబడుతుందో దాని పక్కనున్న మొన కూడా అంతే పైకి కనబడుతుంది. రెండూ ఒకేలా జరుగుతాయి. అప్పుడు లెక్క అక్కర్లేదు. కనబడ్డ మొనను కనబడ్డ చేపకు ఆనించి పొడిస్తే చాలు. ఇన్నేళ్లూ చెప్పిన పాఠంలో ఇది ఉంది, నేను చూడలేదు.

ఆ వారం వెళ్లి మామకు చెప్పాను. కాగితం మీద బొమ్మ గీయబోయాను. ఆయన కాగితం పక్కన పెట్టి, "వాగుల సూపెట్టు," అన్నాడు. విసరవద్దు, మొనను మెల్లగా నీళ్లలో ముంచు, చేప బెదరకుండా దగ్గరికి జరుపు, రెండు కళ్లూ తెరిచి అప్పుడు పొడువు అని చెప్పాను. మొదటి చేప బెదిరి పోయింది. రెండోదీ పోయింది. చాలాసేపు నీళ్లలో నిలబడ్డాం. కాళ్లు చల్లబడ్డాయి. మూడోది చిన్న జెల్ల, వేలెడంత. ఆయన మొనను దాని మీదికి జరిపి నొక్కాడు. తగిలింది.

జెల్లను చేతిలో పెట్టుకుని చూస్తూ ఆలోచించాడు.

"అంటే సారూ, చేప అబద్ధమాడుతది. బల్లెం నీళ్లల్ల మునిగితె అది గూడ అదే అబద్ధమాడుతది. ఇద్దరిది ఒక్కటే అబద్ధమైతె దొరుకుతరు."

"అంతే మామా."

"గిది ముందుగాల చెప్పొద్దా? గుణకం గిణకం అని ఏందేందో చెప్తివి."

మరుసటి నెల ఎడమ కన్నుకు ఆపరేషన్ అయింది. కట్టు విప్పినప్పుడు డాక్టరమ్మ ఇన్నాళ్లు ఎందుకు రాలేదని అడిగింది. ఆయన నా వైపు చూపించి, "సారు సదువుతుండె," అన్నాడు. ఆమె నన్ను ఒకసారి చూసి చీటీ రాసిచ్చింది.

ఇప్పుడు ఆయనకు రెండు కళ్లూ సమానంగా కనబడుతున్నాయి. దూరపు వస్తువుకు అద్దాలు అక్కర్లేదు. పెట్టిన కటకం సొంత కటకంలా ఉబ్బదు, తగ్గదు కాబట్టి దగ్గరివి చూడటానికి మాత్రం కావాలి. బియ్యంలో రాళ్లు ఏరడానికి, విత్తనం చూసుకోవడానికి వాడతాడు. చేపలు మునుపటిలా ప్రతిసారీ తగలవు. సగం తగులుతాయి, సగం పోతాయి. దాని గురించి ఇప్పుడు నాకు ఫోన్ చేయడు.

మొన్న చలికాలం వెళ్లినప్పుడు ఇద్దరం పొద్దున్నే వాగుకు పోయాం. నాచు పక్కన పెద్ద కొర్రమట్ట ఒకటి ఆగి ఉంది. నాకు కూడా కనబడింది. ఆయన మొనను నీళ్లలో ముంచి దాని దగ్గరికి తెచ్చి ఆగాడు. నేను ఎదురు చూశాను. ఆయన పొడవలేదు. చేప గాలి కోసం పైకి వచ్చి, బుడగ వదిలి, మళ్లీ దిగింది. మచ్చలు, రెక్కల అంచులు, అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి.

"ఏంది మామా?" అన్నాను మెల్లగా.

"సూస్తున్న," అన్నాడు.

చేప తోక కదిలించి నాచు కిందికి వెళ్లిపోయింది. ఆయన బల్లెం పైకి తీసి నీళ్లు విదిలించాడు. ఆ పూట మేము పప్పు తిన్నాం.